ఉష్ణమండల దేశాలకు ప్రయాణం: కార్డు కోసం వేసుకునే టీకా వేరు, ప్రాణం కోసం వేసుకునేది వేరు

క్లుప్తంగా

"ఆ దేశానికి వెళ్లాలంటే ఏ టీకాలు కంపల్సరీ?" అని అడిగితే దొరికే జవాబు చాలాసార్లు ఎల్లో ఫీవర్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. ఆ నిబంధన ఆ దేశం తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్నది. ప్రయాణికుణ్ని ఎక్కువగా మంచాన పడేసేవి మలేరియా, డెంగీ, విరేచనాలు. వెళ్లేముందు ఒక సూది వేయించుకుని వీటి గురించి నిశ్చింతగా ఉండే వీలు లేదు. ఏ జాగ్రత్త ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక ఎప్పటిదాకా కొనసాగించాలి అన్నది ఆ రోగక్రిమి ఒంట్లో ఎంతకాలం, ఎక్కడ దాక్కుంటుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

అడిగేది ఎవరు, అవసరం ఎవరికి

గందరగోళం ఎక్కువగా ఒకే చోట పుడుతోంది. రెండు వేర్వేరు జాబితాలను కలిపి ఒకటే అనుకోవడం వల్ల. మొదటిది, సరిహద్దు దగ్గర అధికారి అడిగే జాబితా. ఇది చాలా చిన్నది. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో పేరు పెట్టి రాసి ఉన్న టీకా ఎల్లో ఫీవర్ ఒక్కటే. దీనికి తోడు కొన్ని ప్రత్యేక సందర్భాలున్నాయి. హజ్ యాత్రకు వెళ్లేవాళ్లకు సౌదీ అరేబియా మెనింజైటిస్ టీకా తప్పనిసరి చేసింది. 2000, 2001లలో యాత్రికుల ద్వారా డబ్ల్యూ-135 రకం మెనింజైటిస్ చాలా దేశాలకు పాకిన తర్వాత, నాలుగు రకాలకు పనిచేసే టీకానే వేసుకోవాలన్న నియమం వచ్చింది. పోలియో వైరస్ ఇంకా తిరుగుతున్న కొన్ని దేశాల్లో నాలుగు వారాలకు మించి ఉన్నవాళ్లు, అక్కడి నుంచి బయటికి వచ్చేటప్పుడు పోలియో డోసు వేసుకున్నట్టు చూపించాల్సి రావచ్చు. అంతే, జాబితా అయిపోయింది.

రెండోది ఎవరూ అడగని జాబితా. హెపటైటిస్-ఎ, టైఫాయిడ్, రేబిస్, జపనీస్ మెదడువాపు, మలేరియా మాత్రలు, చిన్నప్పుడు వేసిన ధనుర్వాతం, తట్టు టీకాల గడువు. వీటిలో ఒక్కటి లేకపోయినా విమానం ఎక్కనిస్తారు, దిగనిస్తారు. అందుకే ఇవి జారిపోతాయి. కౌంటర్ దగ్గర అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకోవడం ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు.

ఎల్లో ఫీవర్ కార్డు, పదో రోజు లెక్క

ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలోనూ దక్షిణ, మధ్య అమెరికాల్లోనూ కొన్ని ప్రాంతాల్లో ఉంది. అడవుల్లో కోతుల మధ్య దోమల ద్వారా తిరుగుతూ, అప్పుడప్పుడు మనుషుల్లోకి వచ్చి ఊళ్లమీద పడుతుంది. ఊళ్లలో దీన్ని మోసేది ఏడిస్ ఈజిప్టై, అంటే డెంగీని మోసే దోమే. ఆసియాలో ఈ జబ్బు లేదు, కానీ ఆ దోమ మాత్రం దండిగా ఉంది. అంటే నిప్పు లేదు గానీ ఎండుగడ్డి సిద్ధంగా ఉంది. ఈ టీకా వేసుకున్నట్టు చూపే కార్డు విషయంలో ఆసియా దేశాలు అంత పట్టుదలగా ఎందుకుంటాయో దీంతో అర్థమవుతుంది. అది ఉత్త భయం కూడా కాదు. 2016లో అంగోలాలో ఎల్లో ఫీవర్ విజృంభించినప్పుడు, అక్కడ పనిచేసి చైనాకు తిరిగి వచ్చినవాళ్లలో 11 మందికి ఈ జబ్బు బయటపడింది. ఆసియాలోకి అలా రావడం అదే మొదటిసారి.

అందుకే ఈ నిబంధన ఎక్కడికి వెళ్తున్నారన్నదాని కంటే ఎక్కడి నుంచి వస్తున్నారన్నది ఎక్కువగా చూస్తుంది. ఉదాహరణకు టాంజానియా. యూరప్ నుంచి నేరుగా అక్కడ దిగితే కార్డు అడగరు. బ్రెజిల్ మీదుగా వచ్చినవాళ్లను అడుగుతారు. గమ్యం ఒకటే, దారి మారింది. ముప్పు ఉన్న దేశంలోని విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగినా అక్కడి నుంచి వచ్చినట్టే లెక్కగట్టే దేశాలు చాలా ఉన్నాయి. ఘనా లాంటి దేశాలు ఇవేవీ చూడవు, ఎక్కడి నుంచి వచ్చినా కార్డు ఉండాల్సిందే. టికెట్ బుక్ చేసేటప్పుడు మధ్యలో ఆగే ఊళ్ల పేర్లు కూడా డాక్టర్‌కు చెప్పాలనేది ఇందుకే.

ఇక ఆ కార్డు. పసుపురంగు చిన్న పుస్తకం లాంటిది. అందులో ఒక్క వరుస నిండాలి: టీకా వేసిన తేదీ, వేసినవాళ్ల సంతకం, టీకా తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రం ముద్ర. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ముద్ర పడకపోతే, ఒంట్లో టీకా ఉన్నా కార్డు చెల్లదు. టీకా వేసిన పది రోజుల తర్వాతే ఇది అమల్లోకి వస్తుంది. ఆ పది రోజులు ఊరికే పెట్టలేదు. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా, ఒంట్లో కొంచెం పెరిగి రోగనిరోధక వ్యవస్థను లేపడానికి దానికి అంత సమయం పడుతుంది. పదో రోజుకు ఎక్కువ మందిలో, నెల తిరిగేసరికి దాదాపు అందరిలో యాంటీబాడీలు తయారవుతాయి. కార్డు లేనివాళ్లను ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం కూడా జీవశాస్త్రం నుంచే వచ్చింది. దోమ కుట్టాక జబ్బు బయటపడటానికి మూడు నుంచి ఆరు రోజులు పడుతుంది.

గడువు గురించి ఇంకా పాత మాటే తిరుగుతోంది. ఒకప్పుడు పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి. 2016 జులై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. పాత కార్డు మీద పదేళ్లు అని రాసి ఉన్నా సరే. పాత కార్డు ఉన్నవాళ్లు దాన్ని పారేసి కొత్త డోసు కోసం పరుగెత్తనక్కర్లేదు.

అందరికీ ఈ టీకా పడదు. 17డి అనే ఈ వైరస్ రకాన్ని 1930ల్లో అభివృద్ధి చేసిన మాక్స్ థైలర్‌కు 1951లో నోబెల్ బహుమతి వచ్చింది. కోట్లమంది వేసుకున్న మంచి టీకా ఇది. అయినా బతికున్న వైరస్ కాబట్టి రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు, ఆరు నెలల లోపు పిల్లలకు, థైమస్ గ్రంథి జబ్బులున్నవాళ్లకు వేయరు. కోడిగుడ్ల పిండాల్లో పెంచుతారు కాబట్టి గుడ్డుకు తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లూ ముందే చెప్పాలి. 60 ఏళ్లు దాటాక మొదటిసారి వేసుకునేవాళ్లలో, చాలా అరుదుగానే అయినా, టీకా వైరస్సే అవయవాలను దెబ్బతీసే ప్రమాదం మిగతా వయసులవాళ్ల కంటే ఎక్కువ. కార్డు కోసమే అయితే, ఆ ప్రాంతంలో నిజంగా జబ్బు ముప్పు లేకపోతే, అలాంటి వాళ్లకు డాక్టర్ మినహాయింపు రాసివ్వవచ్చు. ఆ కార్డులోనే దానికి చోటుంది. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది దిగే దేశం ఇష్టం, కాబట్టి ముందే కనుక్కోవాలి.

ఇంకో ఐదు రోజుల్లో ఫ్లైట్ ఉంటే

డాక్టర్లు సాధారణంగా ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే రమ్మంటారు. చాలామంది వచ్చేది సూట్‌కేసు సగం సర్దాక. "ఇప్పుడు వేసుకుని ఏం లాభం" అని మానేసేవాళ్లూ ఉన్నారు. ఇక్కడే కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఆఖరి నిమిషంలోనూ పనిచేసేవి ఉన్నాయి.

హెపటైటిస్-ఎ దీనికి మంచి ఉదాహరణ. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే కామెర్ల వైరస్ ఇది. ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి 15 నుంచి 50 రోజులు, సగటున 28 రోజులు పడుతుంది. టీకాకు కావలసింది రెండు నుంచి నాలుగు వారాలు. అంటే బయల్దేరే రోజున వేసుకున్నా, దిగిన మరునాడు వైరస్ లోపలికి వెళ్లినా, పరుగుపందెంలో టీకా చాలావరకు ముందే చేరుకుంటుంది. అందుకే విమానం ఎక్కే రోజున వేసుకున్నా వృథా కాదంటారు. ఆరు నెలల తర్వాత రెండో డోసు వేసుకుంటే రక్షణ దశాబ్దాలపాటు నిలుస్తుంది.

టైఫాయిడ్‌కు ఇంత వెసులుబాటు లేదు. ఇంజెక్షన్ కనీసం రెండు వారాల ముందు పడాలి. అది కూడా పూర్తి కవచం కాదు. టైఫాయిడ్ లాంటిదే అయిన పారాటైఫాయిడ్‌కు ఈ టీకా పనిచేయదు, కలుషితమైన నీళ్లతో ఎక్కువ క్రిములు వెళ్లినప్పుడు టైఫాయిడ్‌నూ ఆపలేకపోవచ్చు. అయినా ఈ టీకా విలువ ఇప్పుడు పెరిగింది, ఎందుకంటే 2016 నుంచి పాకిస్తాన్‌లో చాలా రకాల యాంటీబయాటిక్‌లకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. మందు పనిచేస్తుందన్న భరోసా తగ్గేకొద్దీ జబ్బు రాకుండా చూసుకోవడమే నయం.

జపనీస్ మెదడువాపు టీకా మామూలుగా 28 రోజుల ఎడంతో రెండు డోసులు, తొందర ఉన్న పెద్దవాళ్లకు ఏడు రోజుల ఎడంతో ఇచ్చే పద్ధతీ ఉంది. ఇది అందరికీ అక్కర్లేదు. ఆసియాలో వరిపొలాలు, పందులు, సాయంత్రం కుట్టే క్యూలెక్స్ దోమలు ఒకే చోట ఉండే పల్లెల్లో వారాల తరబడి ఉండేవాళ్ల కోసం. వైరస్ సోకినవాళ్లలో నూటికి ఒక్కరి కంటే తక్కువ మందికే మెదడువాపు వస్తుంది. కానీ వచ్చినవాళ్లలో 20 నుంచి 30 శాతం చనిపోతారు, బతికినవాళ్లలోనూ చాలామందికి శాశ్వత లోపాలు మిగులుతాయి. నాలుగు రోజులు నగరంలో మీటింగులకు వెళ్లేవాళ్లకూ, మూడు నెలలు పల్లెలో పనిచేసేవాళ్లకూ ఒకే జాబితా ఎందుకు సరిపోదో చెప్పడానికి ఈ ఒక్క జబ్బు చాలు.

ఇంకో చిక్కు ఉంది. ఎల్లో ఫీవర్, తట్టు టీకాల లాంటి బతికున్న వైరస్ టీకాలను సాధారణంగా ఒకే రోజున వేస్తారు, లేదా నాలుగు వారాలు ఎడం పాటిస్తారు. ఒకటి వేసిన వారానికి రెండోది వేస్తే, మొదటిదానితో మేల్కొన్న రోగనిరోధక వ్యవస్థ రెండోదాన్ని పెరగనివ్వదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఇలాంటి లెక్కల్లోనే రోజులు అయిపోతాయి.

కుక్క గీరినప్పుడు మొదలయ్యే లెక్క

రేబిస్ టీకా ముందే ఎందుకు, కరిచాక వేసుకోవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక సందర్భాన్ని దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. చిన్న దీవి, ఆదివారం సాయంత్రం, కుక్క పిక్క మీద గీరింది, రక్తం కనిపించీ కనిపించనట్టుంది. వైరస్ ఉంటే అది ఆ గాయం దగ్గరి నరాల్లోకి దూరి మెల్లగా మెదడు వైపు పాకుతుంది. ఇంతకుముందు టీకా లేని మనిషికి ఇప్పుడు రెండు కావాలి. మొదటిది టీకా, కానీ దానివల్ల యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి తయారుగా ఉన్న యాంటీబాడీలను, అంటే ఇమ్యునోగ్లోబులిన్‌ను, నేరుగా గాయంలోకే ఎక్కించాలి. చిక్కంతా ఈ రెండోదానితోనే. ఖరీదైనది, చాలా చోట్ల దొరకదు, దొరికేసరికి వేరే ఊరికో వేరే దేశానికో వెళ్లాల్సి వస్తుంది.

ముందే టీకా వేసుకున్న మనిషికి ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. మూడు రోజుల ఎడంతో రెండు డోసులు చాలు, ఒంట్లోని జ్ఞాపకం వెంటనే లేస్తుంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు టీకాను మూడు డోసుల నుంచి రెండుకు తగ్గించింది, మొదటి రోజు ఒకటి, ఏడు రోజుల తర్వాత ఒకటి. వారం రోజుల్లో అయిపోయే పని. ముందు వేసుకున్నా, కరిచాక డోసులు తప్పవు, ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. టీకా ఉన్నా లేకున్నా సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగడం మొదటి చికిత్స. 15 నిమిషాలంటే గడియారం చూసి కడిగితే గానీ తెలియదు ఎంతసేపో. రేబిస్‌తో ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని అంచనా. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. పిల్లలతో వెళ్లేవాళ్లు దీని గురించి మరింత ఆలోచించాలి, పిల్లలు జంతువుల దగ్గరికి వెళ్తారు, గీరిన సంగతి ఇంట్లో చెప్పరు.

మలేరియా మాత్ర తిరిగొచ్చాక ఎందుకు

ఉష్ణమండల ప్రయాణాల్లో అతి ఎక్కువ ప్రాణనష్టం చేయగల అంటువ్యాధి ఏదంటే మలేరియానే. 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26.3 కోట్ల కేసులు, 5.97 లక్షల మరణాలు నమోదయ్యాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మరణాల్లో దాదాపు 95 శాతం ఆఫ్రికాలోనే. 2021లో ఆర్‌టీఎస్,ఎస్, 2023లో ఆర్21 అనే టీకాలను ఆ సంస్థ సిఫారసు చేసింది. వార్త చదివి "మలేరియాకు టీకా వచ్చేసిందిగా" అనుకున్నవాళ్లు చాలామంది. అవి మలేరియా ఉన్న ప్రాంతాల్లో పెరిగే చిన్నపిల్లల కోసం. ప్రయాణికులకు ఇప్పటికీ మాత్రలే.

ఆ మాత్రలను ఎక్కువమంది తప్పుగా వాడేది అక్కడ ఉన్నప్పుడు కాదు, ఇంటికి వచ్చాక. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టిన అరగంట, గంటలోపే పరాన్నజీవి రక్తం నుంచి తప్పుకుని కాలేయంలో దూరుతుంది. అక్కడ కనీసం వారం రోజులు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, రక్తపరీక్షలో ఏమీ కనపడదు. ఆ తర్వాత వేల సంఖ్యలో బయటికొచ్చి ఎర్ర రక్తకణాల మీద పడుతుంది, అప్పుడు జ్వరం. ఆఖరి రాత్రి విమానాశ్రయం బయట ట్యాక్సీ కోసం నిలబడ్డప్పుడు దోమ కుట్టిందనుకుంటే, ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కుంటున్న రోజున పరాన్నజీవి ఇంకా కాలేయంలోనే ఉంటుంది.

డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ మందులు కాలేయంలో ఉన్నదాన్ని సరిగా ముట్టుకోలేవు. అది రక్తంలోకి వచ్చేదాకా కాపుకాసి చంపుతాయి. అందుకే తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కాలేయంలోనే దెబ్బకొడుతుంది, కాబట్టి ఏడు రోజులు చాలు. ఈ తేడా తెలియక, డాక్సీసైక్లిన్ వాడుతున్నవాళ్లు వారం తర్వాత ఆపేస్తే, పడ్డ శ్రమంతా బూడిదలో పోసినట్టే. మొదలుపెట్టడంలోనూ తేడా ఉంది. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్, డాక్సీసైక్లిన్ ఒకటి రెండు రోజుల ముందు చాలు, వారానికోసారి వేసుకునే మెఫ్లోక్విన్ రెండు మూడు వారాల ముందు. ఆ ముందస్తు వారాలు మందు పడుతుందో లేదో చూసుకోవడానికి కూడా పనికొస్తాయి, ఎందుకంటే మెఫ్లోక్విన్ కొందరికి పీడకలలు, ఆందోళన తెస్తుంది. మూర్ఛ, మానసిక సమస్యలు ఉన్నవాళ్లకు ఇవ్వరు. డాక్సీసైక్లిన్‌తో చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో, అన్నవాహికలో పుండు పడుతుంది. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. అటోవాక్వోన్ కొవ్వు ఉన్న తిండితోనో పాలతోనో వేసుకుంటేనే సరిగా ఒంటబడుతుంది. పాతకాలపు క్లోరోక్విన్ ఇప్పుడు చాలా కొద్ది ప్రాంతాల్లోనే పనిచేస్తోంది, మిగతా చోట్ల ఫాల్సిపారం, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన మలేరియా రకం, దానికి లొంగడం మానేసింది.

ఎవరికీ నూటికి నూరుపాళ్లు రక్షణ ఇవ్వని మాత్రలు ఇవి. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుట్టే దోమ కాబట్టి, ఆ వేళల్లో పొడుగు చేతుల చొక్కా, మందు పట్టించిన దోమతెర, ఒంటికి డీట్ లాంటి దోమల మందు కూడా ఉండాలి. డీట్‌లో శాతం పెరిగితే ఎక్కువ గట్టిగా తరుముతుందని కాదు, ఎక్కువసేపు పనిచేస్తుంది. 20 నుంచి 50 శాతం మధ్య ఉన్నది సరిపోతుంది. సన్‌స్క్రీన్ కూడా రాసుకునేవాళ్లు ముందు సన్‌స్క్రీన్, దానిమీద దోమల మందు.

పుట్టిన దేశానికే వెళ్లేవాళ్ల సంగతి

ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే చదివే టైమ్ ఉంటే ఇది చదవాలి. మలేరియా లేని దేశాల్లో బయటపడే మలేరియా కేసుల్లో పెద్ద వాటా విహారయాత్రలకు వెళ్లినవాళ్లది కాదు. వేరే దేశంలో స్థిరపడి, అయినవాళ్లను చూడటానికి పుట్టిన దేశానికి వెళ్లొచ్చినవాళ్లది. కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. "మేం అక్కడ పుట్టి పెరిగినవాళ్లమే, మాకేం కాదు" అన్న ధీమా ఒకటి. మలేరియా విషయంలో పుట్టుకతో వచ్చే శాశ్వత రక్షణ ఏదీ పెద్దగా ఉండదు. మళ్లీ మళ్లీ సోకుతూ ఉంటే కొంత తట్టుకునే శక్తి వస్తుంది, ఆ దేశం వదిలి దూరంగా ఉన్న కాలంలో అది కరిగిపోతుంది. వాళ్లకు బయటి దేశంలో పుట్టిన పిల్లలకైతే అసలే ఉండదు. పైగా వీళ్లు హోటళ్లలో నాలుగు రోజులు ఉండరు, పల్లెల్లో ఇళ్లలో వారాలు, నెలలు ఉంటారు. చావు కబురు వచ్చి రాత్రికి రాత్రి బయల్దేరేవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లే వీలెక్కడిది? హెపటైటిస్-ఎ, టైఫాయిడ్ విషయంలోనూ ఇదే కథ. పర్యాటకుల కోసం రాసిన సలహాపత్రాలు వీళ్లను చేరవు, ఎందుకంటే వీళ్లు తమను పర్యాటకులు అనుకోరు.

పగటి దోమ, రెండోసారి వచ్చే డెంగీ

మలేరియా దోమకు తెర కడితే, డెంగీ దోమ పగలే వచ్చి కుడుతుంది. ఏడిస్ దోమ పొద్దున్నే, మళ్లీ సాయంత్రం పొద్దుగుంకే ముందు చురుగ్గా ఉంటుంది. అడవులూ చిత్తడి నేలలూ దానికి అక్కర్లేదు. బాల్కనీలో పూలకుండీ కింది పళ్లెంలో నిలిచిన గుక్కెడు నీళ్లు చాలు. కాబట్టి మలేరియా లేని మంచి నగరంలో, మంచి హోటల్లోనూ డెంగీ ఉంటుంది.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకానికి రక్షణ వస్తుంది. మిగతా మూడింటికి కొద్దికాలమే. రెండోసారి వేరే రకం వస్తే, పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను పట్టుకుంటాయి గానీ చంపలేవు, పైగా అది కణాల్లోకి దూరడానికి దారి ఇస్తాయి. అందుకే రెండోసారి వచ్చే డెంగీ ప్రమాదకరంగా మారే అవకాశం ఎక్కువ. డెంగీ టీకాలు ఇంత ఆలస్యమవడానికి కారణమూ ఇదే. ఫిలిప్పీన్స్‌లో స్కూలు పిల్లలకు వేసిన డెంగ్‌వాక్సియా, అంతకుముందు డెంగీ రానివాళ్లలో తీవ్రత పెంచవచ్చని 2017లో తేలి, ఆ కార్యక్రమం ఆగిపోయింది. తర్వాత వచ్చిన క్యూడెంగా మూడు నెలల ఎడంతో రెండు డోసులు. బ్రిటన్ లాంటి చోట్ల దాన్ని ఇదివరకు డెంగీ వచ్చిన ప్రయాణికులకే పరిశీలిస్తున్నారు. వచ్చే నెల ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఇది అందేది కాదు, కాబట్టి పగటిపూట కూడా దోమల మందు రాసుకోవడమే మిగులుతుంది. జ్వరమొస్తే పారాసిటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి.

అదే దోమ జికానూ మోస్తుంది. జికా గర్భస్థ శిశువు మెదడును దెబ్బతీస్తుంది, లైంగికంగానూ సోకుతుంది. గర్భిణులు అది వ్యాపిస్తున్న ప్రాంతాలకు వెళ్లకపోవడమే మంచిది. తిరిగొచ్చాక పిల్లల కోసం ప్రయత్నించాలనుకునే జంటల్లో భర్త వెళ్లొస్తే మూడు నెలలు, భార్య ఒక్కతే వెళ్లొస్తే రెండు నెలలు ఆగమని చెప్తారు.

నీళ్లు, ఐసు, ఓఆర్ఎస్

రెండు వారాల ప్రయాణంలో 30 నుంచి 70 శాతం మందికి విరేచనాలు పట్టుకుంటాయి, ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి. ఎక్కువగా బ్యాక్టీరియా వల్లే. సీసా నీళ్లే తాగుతూ గ్లాసులో ఐసు వేయించుకోవడం, పళ్లు తోముకోవడానికి కుళాయి నీళ్లు వాడటం మామూలుగా జరిగే పొరపాట్లు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగితే చాలు. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి.

చికిత్సలో అతి ముఖ్యమైనది ఓఆర్ఎస్. పేగు పాడైనా చక్కెర, ఉప్పు కలిసి లోపలికి వెళ్లే దారి పనిచేస్తూనే ఉంటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. ఒట్టి నీళ్లు తాగితే ఆ లాభం ఉండదు. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచానే. రక్తం పడినా, జ్వరం ఎక్కువున్నా విరేచనాలు ఆపే లోపరమైడ్ వాడకూడదు, క్రిమి లోపలే నిలిచిపోతుంది. చిన్నపాటి విరేచనాలకే యాంటీబయాటిక్ మింగితే ఇంకో నష్టం ఉంది. మందులకు లొంగని బ్యాక్టీరియా పేగులో చేరి మనతోపాటు ఇంటికి రావడానికి అది వీలు కల్పిస్తుంది. జ్వరం, రక్తం ఉంటే, లేదా పనేదీ చేసుకోలేనంతగా ఉంటే అప్పుడు అవసరమే.

టీకాలతో సంబంధం లేనివి ఇంకో రెండు. ఆఫ్రికాలో మలావీ, విక్టోరియా లాంటి మంచినీటి సరస్సుల్లో ఈదితే నత్తల నుంచి వచ్చే బిల్‌హార్జియా పురుగు చర్మంలోంచే దూరుతుంది, వారాల తర్వాత బయటపడుతుంది. రెండోది రోడ్డు. ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికుల మరణాలకు ఒక ప్రధాన కారణం రోడ్డు ప్రమాదాలు. అద్దెకు తీసుకున్న బైకు, తలకు సరిపోని హెల్మెట్, రాత్రి ప్రయాణం. దీనికి మందు హెల్మెట్టూ, సీటు బెల్టూ.

తిరిగొచ్చాక జ్వరం

ఇంటికొచ్చాక జ్వరం వస్తే తేదీలు లెక్కపెట్టాలి. మలేరియా ఉన్న ప్రాంతంలో అడుగుపెట్టి ఏడు రోజులు కాకముందే వచ్చిన జ్వరం మలేరియా అయ్యే అవకాశం చాలా తక్కువ, కాలేయంలో గడిపే ఆ వారమే దీనికి కారణం. తిరిగొచ్చి రెండు వారాలు దాటాక మొదలైతే అది డెంగీ కాదు, ఎందుకంటే డెంగీ 14 రోజుల లోపే బయటపడుతుంది. ఫాల్సిపారం మలేరియా ఎక్కువగా మొదటి నెలలో, దాదాపు ఎప్పుడూ మూడు నెలల లోపు వస్తుంది. వైవాక్స్ రకం కాలేయంలో నిద్రపోయి ఏడాది తర్వాత కూడా లేవగలదు. మామూలు మాత్రలు ఆ నిద్రాణ రూపాన్ని చంపవు, దానికి ప్రైమాక్విన్ లాంటి మందు కావాలి, అది ఇచ్చేముందు జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందేమో పరీక్షించాలి.

డెంగీలో ఇంకో తిరకాసు. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే సమయంలోనే ప్రమాదం మొదలవుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుండగా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మలేరియా పరీక్ష మాత్రం అదే రోజున జరగాలి, రేపు చూద్దాం అనుకునేది కాదు. ఫాల్సిపారం ఒకటి రెండు రోజుల్లోనే మామూలు జ్వరం నుంచి ప్రాణాపాయానికి చేరగలదు. మొదటి పరీక్షలో కనపడకపోతే 48 గంటల్లో ఇంకో రెండుసార్లు చేయాలి, రక్తంలో పరాన్నజీవులు తక్కువగా ఉన్నప్పుడు ఒక్క చుక్కలో దొరకకపోవచ్చు. మాత్రలు వాడినవాళ్లకూ ఇదే పద్ధతి. డాక్టర్ అడిగినా అడగకపోయినా, గదిలోకి వెళ్లగానే ముందు చెప్పాల్సిన మాట జ్వరం ఎంత ఉందన్నది కాదు: ఏ దేశం, ఏ ఊళ్లు, ఏ తేదీన వెళ్లి ఏ తేదీన తిరిగొచ్చారు, ఏ మాత్రలు వేసుకున్నారు, ఎప్పుడు ఆపారు.